లండన్‌లో చిక్కుకున్న నిజాం సొమ్ము

రాజ్యం పడిపోతే, విదేశాల్లోని దాని కార్యాలయాలు ఏమవుతాయి?

1948 సెప్టెంబరు 17న నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యం భారత్‌కు లొంగిపోయింది. లండన్‌లో మాత్రం నిజాం ప్రతినిధి, ఏజెంట్ జనరల్ మీర్ నవాజ్ జంగ్ ఇంకా ఉన్నారు. మూడు రోజులు గడిచాయి, అంతే. నిజాం ప్రభుత్వ బ్యాంకు ఖాతాలోని సుమారు పది లక్షల పౌండ్లు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహింతూలా పేరిట మారిపోయాయి.

నా అనుమతి లేకుండా పంపారు, తిరిగి ఇవ్వండి అన్నారు నిజాం. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు.

గుర్తుంచుకోండి: కార్యాలయం తలుపులు మూయడం తేలిక. ఆ ఖాతా ఎవరిదో తేల్చడమే కష్టం. ఎంత కష్టమంటే, నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1967లో కన్నుమూసేనాటికీ తేలలేదు.

2019 అక్టోబరులో లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ సొమ్ము పాకిస్తాన్‌ది కాదు. భారత ప్రభుత్వానికీ, నిజాం మనవళ్లకూ చెందుతుంది.