ఫ్రీ టూల్‌కి జీతం ఎవరిస్తారు?

కోట నుంచి మాట్లాడుతున్నా. కాగితాల్లో 2022 ఏప్రిల్‌లో మాది తిరుపతి జిల్లా అయింది, నోటికి మాత్రం అప్పుడూ నెల్లూరనే వచ్చేది. సరే, విషయానికొద్దాం.

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, స్మార్ట్ కాంట్రాక్టులు రాయడం నేర్చుకుంటున్నా. టూల్స్ అన్నీ ఫ్రీగా దొరుకుతున్నాయి. మరి అవి తయారుచేసేవాళ్ళు ఏం తిని బతుకుతారు?" మంచి ప్రశ్న. ఈరోజు మొత్తం దాని మీదే. ఏ కాయిన్ కొనాలి, ఏది పెరుగుతుంది అని చెప్పే వీడియో కాదిది, ఆ ఆశతో వచ్చినవాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోవచ్చు.

స్మార్ట్ కాంట్రాక్ట్ అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్. అది రాయడానికి ఒక భాష కావాలి. రాసినదాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ కావాలి. పైకి పంపేముందు మన కంప్యూటర్లోనే టెస్ట్ చేసుకునే సాధనం కావాలి. మన యాప్‌ని బ్లాక్‌చెయిన్‌తో కలిపే లైబ్రరీ కావాలి. ఇవి దాదాపు అన్నీ ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు. రూపాయి కట్టక్కర్లేదు.

ఇప్పుడు మన చెరువు కట్ట మీదికి రండి. చెరువు కింద సేద్యం చేసే ఊళ్ళలో నీరుగంటి అని ఒకాయన ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, కాలవలో అడ్డం పడింది తీయడం, ఏ కయ్యకు ఎంత నీళ్ళు పోవాలో చూడటం ఆయన పని. ఆయనకు జీతం ఏ ఒక్క ఆసామీ ఇవ్వడు. పంట ఇంటికొచ్చాక ఒక్కో రైతు తన పొలాన్ని బట్టి ఇంత అని వడ్లు కొలిచి ఇస్తాడు. ఎవడైనా ఎగ్గొడితే? వాడి మడవ మూసేస్తే సరి, మర్నాడు వాడే వస్తాడు వడ్లు పట్టుకుని.

సాఫ్ట్‌వేర్‌కి మడవ లేదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. డబ్బులిచ్చినవాడికీ, ఇవ్వనివాడికీ ఒకే టూల్ డౌన్‌లోడ్ అవుతుంది. అందుకని అందరూ వాడతారు, ఎవరో ఒకరు ఇస్తార్లే అని అందరూ అనుకుంటారు.

ఆ "ఎవరో ఒకరు" ఒక కంపెనీ అయితే ఏమవుతుందో చూడండి. ఎథీరియం మీద పని నేర్చుకున్న పాత బ్యాచ్‌లో ట్రఫుల్, గనాష్ వాడనివాళ్ళు తక్కువ. ట్రఫుల్‌తో కాంట్రాక్ట్ కంపైల్ చేసి, గనాష్‌తో మన లాప్‌టాప్‌లోనే ఒక చిన్న బ్లాక్‌చెయిన్ పెట్టుకుని టెస్ట్ చేసేవాళ్ళం. ఈ రెండింటి వెనక ఉన్నది కన్సెన్సిస్ అనే కంపెనీ. 2023 సెప్టెంబర్‌లో వాళ్ళు వీటిని ఆపేస్తున్నామని చెప్పారు. ఆ డిసెంబర్‌కల్లా కోడ్ ఆర్కైవ్‌లోకి పోయింది. హార్డ్‌హ్యాట్ అనే వేరే టూల్‌కి మారమన్నారు. కంపెనీ తప్పు చేసిందని నేను అనను. వాళ్ళ డబ్బు, వాళ్ళ లెక్కలు. కానీ ఇప్పటికీ యూట్యూబ్‌లో పాత ట్యుటోరియల్ పెట్టుకుని ట్రఫుల్ ఇన్‌స్టాల్ చేసి, ఎర్రర్లు చూసి, తప్పు తనదే అనుకుని మానేసే పిల్లలు ఉన్నారు. తప్పు మీది కాదు. ఆ చెరువుకి ఇప్పుడు నీరుగంటి లేడు.

వెబ్‌త్రీ డాట్ జేఎస్ అనే లైబ్రరీ కథ కూడా 2025 మార్చిలో అంతే అయింది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దీనికంటే పెద్ద కథ ఒకటుంది.

వైపర్. పైథాన్ లాగా కనిపించే భాష, స్మార్ట్ కాంట్రాక్టుల కోసం చేసింది. ఏ పెద్ద కంపెనీ సొత్తూ కాదు, చిన్న టీమ్ చూసుకుంటుంది. కర్వ్ అనే పెద్ద ఎక్స్చేంజి దీని మీదే కట్టారు. ఒక పని సగంలో ఉండగా మళ్ళీ లోపలికి దూరి ఇంకోసారి డబ్బు లాగకుండా కాంట్రాక్టుకి ఒక తాళం పెడతారు. వైపర్ 0.2.15, 0.2.16, 0.3.0 వెర్షన్లలో ఆ తాళం సరిగ్గా పడదు. ప్రోగ్రామర్ తాళం వేశాననే అనుకుంటాడు, కంపైలర్ మాత్రం తలుపు తీసే ఉంచింది. 2023 జూలై 30న దొంగలు అది కనిపెట్టారు. కర్వ్ పూల్స్ నుంచి కోట్ల డాలర్లు పోయాయి. కొంత తర్వాత తిరిగొచ్చింది, అది వేరే సంగతి.

ఇందులో నన్ను కుదిపేసింది ఏందంటే, ఆ తర్వాతి వెర్షన్లో ఆ లోపం లేదు. 0.3.1కే సరైపోయింది. కానీ అప్పటికే పైకి పంపిన కాంట్రాక్టులు పాత కంపైలర్‌తో చేసినవి. బ్లాక్‌చెయిన్ మీదికి ఒకసారి పోయిన కోడ్‌ని మన ఫోన్ యాప్ లాగా అప్‌డేట్ కొట్టడం కుదరదు. పాత వెర్షన్లలో ఏముందో కూర్చుని తిరగేసే మనిషికి ముందే జీతం ఇచ్చి ఉంటే? పట్టుకునేవాడని గ్యారంటీ ఇవ్వలేను. కానీ వెతికే మనిషంటూ ఉండేవాడు కదా.

ఇది బ్లాక్‌చెయిన్ వాళ్ళకే పట్టిన తెగులు కాదులెండి. 2014లో హార్ట్‌బ్లీడ్ అని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో సగం తాళాలు దాని మీదే. అప్పటిదాకా దానికి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దగ్గర.

మరి మార్గం ఏంది? 2018లో విటాలిక్ బ్యూటెరిన్, జోయి హిట్జిగ్, గ్లెన్ వైల్ అని ముగ్గురు ఒక పేపర్ రాశారు. దాన్ని పట్టుకుని గిట్‌కాయిన్ వాళ్ళు 2019 నుంచి రౌండ్లు నడిపారు. దీని పేరు క్వాడ్రాటిక్ ఫండింగ్. భయపడొద్దు, పదో తరగతి వర్గమూలం వస్తే చాలు.

ఒక పక్కన పెద్ద దాతలు పోసిన ఉమ్మడి నిధి ఉంటుంది. మనం మనకు నచ్చిన ప్రాజెక్టుకి చిన్న మొత్తం ఇస్తాం. ఒక టూల్‌కి తొమ్మిది మంది తలా 100 రూపాయలు ఇచ్చారనుకోండి, మొత్తం 900. ఇంకో టూల్‌కి ఒక్కడే 900 ఇచ్చాడు. రెండూ ఒకటే కదా? కాదు. 100కి వర్గమూలం 10. తొమ్మిది మందికీ కలిపితే 90. దాన్ని వర్గం చేస్తే 8,100. అంటే చేతికొచ్చిన 900 పోను ఇంకో 7,200 ఉమ్మడి నిధి నుంచి రావాలి. ఒక్కడిచ్చిన 900కి వర్గమూలం 30, వర్గం చేస్తే మళ్ళీ 900. అంటే నిధి నుంచి సున్నా. నిధిలో అంత డబ్బు లేకపోతే అందరికీ అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. ఇక్కడ పలికేది ఎంత ఇచ్చారన్నది కాదు, ఎంతమంది ఇచ్చారన్నది. పది ఎకరాల ఆసామి మాటా, అర ఎకరం రైతు మాటా దగ్గర దగ్గరగా తూగుతాయన్నమాట.

వినడానికి బాగుంది. నాకూ మొదట చాలా నచ్చింది. కానీ మనుషుల్ని లెక్కపెట్టే చోట దొంగ మనుషులు వస్తారు. ఒక్కడే యాభై వాలెట్లు తెరిచి యాభై మంది లాగా ఇస్తే? ఆపడానికి గిట్‌కాయిన్ వాళ్ళు 2022లో పాస్‌పోర్ట్ అని తెచ్చారు, నువ్వు నిజం మనిషివే అని రకరకాల ఆధారాలు చూపించాలి. దొంగ ఓట్ల జాబితా మీద గొడవలు చూసి పెరిగిన మనకు ఇది కొత్తేం కాదు.

ఇంకో ఇబ్బంది, నా లెక్కలో ఇదే పెద్దది. జనం కొత్తదానికి, కంటికి కనిపించేదానికి ఇస్తారు. కంపైలర్‌లో పాత బగ్ వెతికేవాడికి పోస్టర్ ఉండదు. పైగా రౌండ్ అయిపోతే డబ్బు అయిపోతుంది, మళ్ళీ రౌండ్ దాకా ఎదురుచూపు. కొత్త టూల్ మొదలుపెట్టేవాడికి ఇది మంచి ఊతం, కాదనను. పాత టూల్‌ని ఏడాది పొడుగునా కాపాడేవాడికి మాత్రం ఇది తిరణాల రోజు అమ్మకం లాంటిది, మిగతా రోజులు ఖాళీ. ఇంకో విచిత్రం ఏందంటే, 2025లో గిట్‌కాయిన్ తన గ్రాంట్ల సాఫ్ట్‌వేర్ చేసే విభాగాన్నే మూసేస్తున్నామని చెప్పింది.

ఆప్టిమిజమ్ వాళ్ళు తిరగేసి చేశారు. ముందు పని చెయ్యి, ఉపయోగపడిందని తేలాక ఇస్తాం అన్నారు. 2021 చివర్లో మొదటిసారి 10 లక్షల డాలర్లు ఇలా పంచారు. పంట చూసి వడ్లు కొలవడం లాంటిదే ఇది. నాకు ఇదే కాస్త నయం అనిపిస్తుంది. కాకపోతే పంట చేతికొచ్చేదాకా నీరుగంటి ఇల్లు గడవాలి కదా.

మన దేశంలో చూస్తే, బ్లాక్‌చెయిన్‌కే అని కాదు గానీ, ఓపెన్ సోర్స్ మొత్తానికి జెరోధా కంపెనీ 2024 అక్టోబర్‌లో ఫ్లాస్ ఫండ్ అని పెట్టింది. ఏడాదికి 10 లక్షల డాలర్లు. డబ్బు కావాల్సిన ప్రాజెక్ట్ తన వివరాలు, ఎంత కావాలో ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టాలి. మన రాష్ట్రంలో 2017లో విశాఖ ఫిన్‌టెక్ వ్యాలీ అన్నారు, భూమి రికార్డులు బ్లాక్‌చెయిన్ మీద అన్నారు. అప్పుడు మాట్లాడిందంతా పైన కట్టే మేడ గురించి. కింద తాపీ, గజంబద్ద ఎవరు చేసిస్తారని అడిగినవాళ్ళు నాకైతే కనపడలేదు.

ఇక మీ సంగతి. మీరు ఇలాంటి పనికి గ్రాంట్ తీసుకుంటే, అది టోకెన్లలో వస్తే, లెక్క రాసిపెట్టుకోండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. వచ్చిన రోజు విలువ ఎంతో నోట్ చేసుకుని ఒక ఆడిటర్‌ని అడగండి. "నీకు గ్రాంట్ వచ్చింది, ముందు ఫీజు కట్టు" అని టెలిగ్రామ్‌లో ఎవడైనా మెసేజ్ పెడితే బ్లాక్ చేసేయండి. నిజంగా గ్రాంట్ ఇచ్చేవాడు మీ వాలెట్ సీడ్ ఫ్రేజ్ అడగడు.

డబ్బులివ్వలేనివాళ్ళు ఒకటి చెయ్యొచ్చు. మీరు వాడే టూల్లో ఏదైనా పనిచేయకపోతే, మీ వెర్షన్ నంబరు, మీరు ఏం చేశారు, ఏం ఎర్రర్ వచ్చింది, వరసగా రాసి గిట్‌హబ్‌లో ఇష్యూ పెట్టండి. "పనిచేయట్లేదు సార్" అని ఒక్క లైన్ పెట్టొద్దు, అది వాళ్ళకు ఇంకో గంట పని. వచ్చే ఎపిసోడ్లో ఒక ఇష్యూ మొదట్నుంచి చివరిదాకా ఎట్లా రాయాలో స్క్రీన్ మీద చేసి చూపిస్తా. లాప్‌టాప్ లేనివాళ్ళు ఫోన్‌లోనే చేయొచ్చు, అది కూడా చూపిస్తా. ఉంటా మరి.