నీటికాసుల ఆపరేషన్ ఏం కాపాడుతుంది?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కంటి ఆపరేషన్ అంటే మోతిబిందు ఆపరేషనే. పొర తీసి లెన్స్ వేస్తారు, కట్టు విప్పితే మనవడి మొహం తేటగా కనబడుతుంది. అదే ఆశతో నీటికాసులకు (గ్లాకోమాకు) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కట్టు విప్పగానే "మునుపటి లెక్కనే ఉన్నది గద సారూ" అంటారు. ఆపరేషన్ చెడిపోయిందనుకుని మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు. నిజానికి మునుపటి లెక్కనే ఉండడమే ఆ ఆపరేషన్ సాధించేది. ముందుగా చెప్పదలచింది ఇదే.

కంటిలో ఊరే నీరు బయటికి పోయే దారి మందగిస్తే లోపల ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతింటుంది. పోయిన నరం తిరిగి రాదు. ముందుగా పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్న బస్సు బోర్డు చదివే మనిషే పక్క నుంచి వచ్చే బండిని చూడలేడు. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు కార్యక్రమం ఊరూరికీ కళ్లద్దాలు తెచ్చింది, అది చిన్న మేలు కాదు. అయితే అక్షరాల చార్టు ఒక్కటే ఈ జబ్బును పట్టలేదు. ఒత్తిడి కొలవాలి, నరం చూడాలి.

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996–2000 మధ్య జరిపిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్‌లతో పాటు మహబూబ్‌నగర్ (పాలమూరు) కూడా ఉంది. హైదరాబాద్‌లోనే ఈ జబ్బులో నీరుపోయే కోణం తెరిచి ఉండే రకం ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా అది తమకుందని తెలియదు. నగరంలోనే అలా ఉంటే అచ్చంపేట, దేవరకొండ తండాల సంగతి ఊహించుకోవచ్చు.

జాన్ కెయిర్న్స్ 1968లో వివరించిన ట్రాబెక్యులెక్టమీ నేటికీ ప్రధానమైన ఆపరేషన్. పై రెప్ప కింద తెల్లగుడ్డులో పలుచని పొరను ఒకవైపు వదిలి లేపి, దాని అడుగున చిన్న రంధ్రం చేసి, పొరను వదులుగా కుడతారు. చెరువుకు తూము పెట్టినట్టే. నీరు మెల్లగా బయటికి జారి పైపొర కింద చిన్న బుడగ కడుతుంది, అక్కడి నుంచి ఇంకిపోతుంది. గాయాన్ని మాన్పడం ఒంటి స్వభావం కాబట్టి దారి పూడిపోకుండా మైటోమైసిన్ మందు కొన్ని నిమిషాలు అద్దుతారు.

ఫలితం? బ్రిటన్‌లో జబ్బు ముదిరిన 453 మందిపై జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. రెండేళ్లకు ఆపరేషన్ అయినవాళ్ల సగటు ఒత్తిడి 12.4 మిల్లీమీటర్లు, చుక్కల మందుతో మొదలుపెట్టినవాళ్లది 15.1. మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో వలసపోయే కూలీకి ఏళ్ల తరబడి రోజూ చుక్కలు వేసుకోవడం ఎంత కష్టమో తెలిసిందే. అలాంటి మనిషికి, జబ్బు ముదిరి ఉంటే, డాక్టరు ఆపరేషన్ మాట ముందే ఎత్తాలి.

అలాగని చేయించుకుని మరచిపోయే పని కాదిది. అమెరికాలో, ముందే ఆపరేషన్ అయిన కళ్లపై జరిగిన పరిశోధనలో ఐదేళ్లకు ట్రాబెక్యులెక్టమీ నూటికి 47 మందిలో, సన్నని గొట్టం అమర్చే పద్ధతి 30 మందిలో విఫలమయ్యాయి. అలాంటి గొట్టాన్ని మదురైలోని ఆరోల్యాబ్ తక్కువ ధరకు తయారుచేస్తోంది. నీరుపోయే కోణం మూసుకుపోయే రకానికి లేజర్‌తో దారి చేస్తారు. కొందరికి లెన్స్ మార్చడమే మేలని 2016లో తేలింది.

మొదటి వారాల్లో పదేపదే ఒత్తిడి చూడాలి, అవసరమైతే కుట్లు వదులు చేయాలి. అందుకే రేపు పనికి బయల్దేరతామనగా చేయించుకునే ఆపరేషన్ కాదు ఇది. ఏళ్ల తర్వాతైనా ఆ కన్ను ఎర్రబడి నొప్పి పుడితే అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా కళ్లు చూపించుకోవాలి.