నీటి ట్యాంకుకు హద్దులు నిర్ణయించుట
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీటిని చేర్చినది. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్లను ప్రమాణముగా నిర్ణయించినది. ఈ నీరు ఊరి చివరి వాడకు కూడ చేరుటకు ట్యాంకు, మోటారు ఉన్నంతమాత్రమున చాలదు; మోటారు ఎప్పుడు నడువవలెనో, ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించు ఏర్పాటు సరిగా ఉండవలెను.

బోరుబావి యొకచోట, ట్యాంకు మరొకచోట ఉన్నపుడు నడుమ తీగ లాగుట కష్టము. లాగిన తీగయు నాగటికో, రోడ్డు త్రవ్వకమునకో తెగుచుండును. అందుచేత రెండు చోట్లను చిన్న రేడియో యంత్రములను అమర్చుట కలదు. ట్యాంకు అడుగున నుండు సెన్సారు నీటి ఒత్తిడిని విద్యుత్తుగా మార్చును. రేడియో ఆ కొలతను మోటారు వద్దకు పంపును.

సెన్సారు 4 మీటర్ల లోతు కొలుచునదైనచో, ట్యాంకు ఖాళీగా ఉన్నపుడు 4, నాలుగు మీటర్ల నీరున్నపుడు 20 మిల్లీ ఆంపియర్లు చూపును. అనగా మీటరుకు 4 చొప్పున పెరుగును. మన ట్యాంకులో 3 మీటర్ల నీరు పట్టుననుకొందము. 2.8 మీటర్ల వద్ద మోటారు ఆగవలెనన్నచో పై హద్దు 15.2, 1.2 మీటర్ల వద్ద నడువవలెనన్నచో క్రింది హద్దు 8.8.

ఈ రెండు హద్దులను దగ్గర దగ్గరగా పెట్టరాదు. పెట్టినచో నీటి అలలకే మోటారు మాటిమాటికి ఆగి, మరల నడుచును. ప్రతి ఆరంభమునను మోటారు మామూలుకంటె ఎన్నో రెట్లు విద్యుత్తు లాగును. అందువలన చుట్టలు వేడెక్కును, స్టార్టరు కాలును, పంచాయతీ నిధులు కరగును.

క్రింది హద్దు ఎంత ఉండవలెనన్నది మీరు నిర్ణయింపదగిన విషయము. ఆ ట్యాంకు 60,000 లీటర్లది, ఊరిజనము వేయి మంది అనుకొనుడు. దినమునకు 55,000 లీటర్లు కావలెను. 1.2 మీటర్లనగా 24,000 లీటర్లు మాత్రమే. కరెంటు పోయినచో సగము దినమునకైనను చాలదు. మెరకనున్న వాడకు అంతకంటె ముందే నీరు ఆగును. కరెంటు తరచు పోవు ఊరిలో క్రింది హద్దును 1.8 మీటర్లకు, అనగా 11.2కు పెంచుట మేలు. అపుడు 36,000 లీటర్లు నిలువ యుండును.

మరియొక ముఖ్య విషయము. ఖాళీ ట్యాంకుకు సున్న గాక 4 ఏల? తీగ తెగినచో సున్న వచ్చును. సున్నను, ఖాళీని యంత్రము ఒకటిగా తలచినచో మోటారు ఆగక నడుచును, ట్యాంకు పొర్లును. కావున 3.6కు దిగినపుడు దానిని లోపముగా గ్రహించి, మోటారును ఆపి, హెచ్చరిక ఇచ్చునట్లు మూడవ హద్దు నుంచవలెను. రేడియో వార్త కొన్ని నిమిషములు రాకున్నను అట్లే ఆగవలెను.

గుత్తేదారు పనిని అప్పగించునాడు సభ్యులు పంపు ఆపరేటరుతో కలిసి నాలుగు పరీక్షలు చేయింపవలెను. టేపుతో నీటిని కొలిచి యంత్రము చూపు లెక్కతో పోల్చుడు. రెండు హద్దులకడను మోటారు తానుగా నడుచుట, ఆగుట చూడుడు. సెన్సారు తీగ విప్పించి మోటారు ఆగినదా యని చూడుడు. తరువాత ట్యాంకు వద్ద రేడియోను ఆపించి అట్లే చూడుడు. హద్దుల అంకెలను పంచాయతీ పుస్తకమునను, మోటారు గది గోడపైనను వ్రాయింపుడు. అంకెలు మార్చుటకు వలయు రహస్య పదమును పంచాయతీ కార్యాలయమునందు భద్రపరచుడు.

యంత్రము తనకు చెప్పినది మాత్రమే చేయును. ఏమి చెప్పవలెనో తెలిసికొనుట మన పని. ఆ మూడు అంకెలను సరిగా నిలిపినచో, కరెంటు లేని ఉదయమున కూడ చివరి ఇంటి ఇల్లాలి బిందె నిండును.