కిరీటము, భుజకీర్తులు: ఇంటి పని

పాఠశాల వార్షికోత్సవములు దగ్గరపడినపుడు అనేక గృహములలో ఒక చిక్కు వచ్చును. పిల్లవానికి అర్జున వేషము ఇచ్చినారు; కిరీటము ఎక్కడ దొరకును? సాధారణముగా అద్దె దుకాణమునకు పోవుదురు. అక్కడి కిరీటములలో పెక్కు పెద్దవారి తలలకు చేసినవి. వానిలో పాతగుడ్డ కుక్కి, గడ్డము క్రింద త్రాడు బిగించి పిల్లవానిని రంగస్థలము మీదికి పంపుదురు. ఇంద్రుడు ఇచ్చిన కిరీటము ధరించుటచేత అర్జునునకు కిరీటి యని పేరు వచ్చినది గదా! మన చిన్న కిరీటి మాత్రము ఒక చేత గాండీవమును, రెండవ చేత కిరీటమును పట్టుకొని పద్యము చదువవలసి వచ్చును. చూచువారికి నవ్వు వచ్చును గాని, ఆ పిల్లవానికి అది నవ్వులాట కాదు. నెల దినములు వల్లించిన పద్యము ఆ బరువు క్రింద నడుమనే తెగిపోవుట కద్దు.

వేడికి మెత్తబడు ప్లాస్టిక్కును, కుట్టుపనిని జతపరచి ఇట్టి వేషసామగ్రిని ఇంటిలోనే ఎట్లు చేసికొనవచ్చునో నేడు మనవి చేయుదుము. మా అభిప్రాయమును ముందే చెప్పుట మంచిది. ఆకారమును ప్లాస్టిక్కు ఈయవలెను. భారమును గుడ్డ మోయవలెను. ఇంటిలో చేసిన కిరీటములు చెడిపోవుటకు ముఖ్యకారణము, మొత్తము ప్లాస్టిక్కుతోనే చేయవలెనను తొందర.

ఈ మాట మేము కల్పించినది కాదు. భరతముని నాట్యశాస్త్రమున ఆహార్యాభినయమును గూర్చిన అధ్యాయము ఒకటి కలదు. నటులకు బరువు నగలు పెట్టరాదనియు, పెట్టినచో అలసి, చెమటోడ్చి, మూర్ఛపోవుదురనియు అందు చెప్పబడినది. మేలిమి బంగారమునకు బదులు లక్కతో చేసిన తేలిక నగలు చాలునని ముని నిర్ణయము. కిరీటములకు, ముఖపు తొడుగులకు ఆధారమును చేయు విధము కూడ అచ్చటనే యున్నది: గుడ్డకు మారేడు జిగురు పట్టించి, అందు బూడిదను గాని వరిపొట్టును గాని కలిపి, మరీ దళసరిగాను మరీ పలుచగాను కాకుండ తీర్చి, ఎండబెట్టి, పిమ్మట వాడియైన పనిముట్టుతో బెజ్జములు పొడువవలెను. గుడ్డయు, దానిపై ఆకారము నిలుపు ముద్దయు! నేడు మనము చేయబోవునదియు అదియే. మారేడు జిగురు స్థానమున ప్లాస్టిక్కు వచ్చినది, అంతే.

మన వారిలోను ఈ తేలికదనపు దృష్టి లోపించలేదు. కూచిపూడి వేషములకు పూర్వము తేలికజాతి కొయ్యతో నగలు చెక్కెడివారు. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున కీచకవధ నాటకముతో ఆరంభమైన సురభి నాటక కుటుంబములలో తెరలు మొదలు వేషముల వరకు ఇంటివారే చూచుకొనుట ఆచారము. కావున వేషము ఇంటిలో తయారగుట మనకు క్రొత్త గాదు. పదార్థము మాత్రమే క్రొత్తది.

ఇక ఆ పదార్థమును గూర్చి. ప్లాస్టిక్కులు స్థూలముగా రెండు జాతులు. మట్టికుండ ఒకసారి కాలిన పిదప మరల ముద్ద కాదు. కొన్ని ప్లాస్టిక్కులు అట్టివి. 1907లో బేక్లండు కనిపెట్టిన బేకలైటు ఆ కోవలోనిది. మైనము వేడికి మెత్తబడును, చల్లారి గట్టిపడును, మరల వేడి చేసిన మరల మెత్తబడును. రెండవ జాతి ప్లాస్టిక్కు ఇట్టిది. ప్రకృతిలో దీనికి పెద్దన్న మన లక్క. హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేయువారు నిప్పుల సెగపై లక్కను మెత్తబరచి, చుట్టి, వంచి, అది చల్లారక ముందే రాళ్లు అద్దుట చూచినవారికి ఈ పనియంతయు సగము తెలిసినట్లే. మీ పిల్లలను తీసికొనిపోయి ఒకమారు చూపుడు. పుస్తకము చదివిన దానికంటె ఎక్కువ నేర్తురు.

ఇంటిపనికి అనువైన ప్లాస్టిక్కు పాలీకాప్రోలాక్టోను. పేరు నోరు తిరుగనిదే గాని వస్తువు సాధువు. సగ్గుబియ్యమువలె తెల్లని గుళికలుగా అమ్ముదురు. సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరగును. కరగినపుడు అద్దమువలె స్వచ్ఛమగును, చల్లారినపుడు మరల తెల్లబడును. అందుచేత అది సిద్ధమైనదో లేదో తెలియుటకు కన్నే చాలును. ఇట్లు వేడినీటిలో మెత్తబడు ప్లాస్టిక్కులు వైద్యులకును పరిచితములే. తలకు, మెడకు రేడియేషను చికిత్స చేయునపుడు రోగి కదలకుండుటకై ముఖముపై వేడినీటిలో మెత్తబరచిన ప్లాస్టిక్కు వలను పరచి, ముఖాకృతికి సరిగా ఒత్తి, చల్లారనిత్తురు. అంతటి సూక్ష్మమైన ఆకారమును పట్టగలవి కిరీటపు తీగెను, పువ్వును పట్టలేకపోవునా?

ఇచ్చట ఒక హెచ్చరిక కఠినముగానే చేయవలసియున్నది. ప్లాస్టిక్కు మెత్తబడుననగానే పాత పైపు ముక్కలను, విరిగిన బకెట్లను పొయ్యి మంటపై పట్టువారు కలరు. పి.వి.సి. పైపు మాడినచో హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును. అది కన్నులను, ఊపిరితిత్తులను దహించునట్టిది. వంటయింటిలో, పిల్లల నడుమ, ఆ పని ఎన్నడును చేయరాదు. పేరు తెలియని ప్లాస్టిక్కును వేడి చేయకుండుటయే మేలు. థర్మోకోలు కిరీటములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి బస్సు ప్రయాణమునకే తునిగిపోవును. పైగా అలంకరణకు వాడు థర్మోకోలును మన దేశమున 2022 జులై 1వ తేదీ నుండి నిషేధించినారు.

పదేండ్ల పిల్లవానికి కిరీటము చేయుదమనుకొనుడు. మొదట టేపుతో నుదుటి మీదుగా తల చుట్టుకొలత తీయవలెను. అది 52 సెంటీమీటర్లు వచ్చినదనుకొందము. దర్జీలు కాలరులకు వాడు బక్రమును 48 సెంటీమీటర్ల పొడవున, 6 సెంటీమీటర్ల వెడల్పున రెండు పట్టీలుగా కత్తిరించి, ఒకదానిపై నొకటి పెట్టి కుట్టవలెను. వెనుక మిగిలిన సందును వెడల్పాటి ఎలాస్టిక్కు పూరించును. కిరీటము యొక్క నిజమైన బలమంతయు ఈ పట్టీయే. దీనిపై ముదురు పట్టుగుడ్డనో, పాత చీర జరీ అంచునో కప్పి కుట్టినచో సగము కిరీటము సిద్ధమైనట్లే.

ప్లాస్టిక్కు ఈ పట్టీకి ముందుభాగమున నిలుచు పలకకు మాత్రమే కావలెను. తలపై గోపురమువలె మొత్తము మూయుట తగదు. పైభాగము తెరచియుండిన గాలి తగులును, బరువు తగ్గును. సభలో కూర్చుండినవారికి ముందుభాగమే గదా కనబడునది! 20 సెంటీమీటర్ల వెడల్పు, నడుమ 15 సెంటీమీటర్ల ఎత్తు, 2 మిల్లీమీటర్ల మందము గల పలకకు సుమారు 70 గ్రాముల గుళికలు పట్టును. అంచులు కోసిన పిమ్మట బరువు ఇంకను తగ్గును. ఈ గుళికలు చౌకవి కావు. కావున ముందుగా కాగితముపై ఆకారము గీసి, కత్తిరించి, పిల్లవాని నుదుటిపై పెట్టి చూచుకొనుట మంచిది.

నీటి వేడిని కొలుచు సాధనము లేనివారు నాలుగు గ్లాసుల మరిగిన నీటికి మూడు గ్లాసుల మామూలు నీరు కలిపినచో ఇంచుమించు 70 డిగ్రీలు వచ్చును. పాత్ర స్టీలుదై యుండవలెను. కరగిన ఈ పదార్థము ప్లాస్టిక్కు గిన్నెలకు అంటుకొనును. గుళికలన్నియు స్వచ్ఛమై ఒండొంటితో కలిసిన పిదప చిల్లుల గరిటెతో ముద్దను పైకి తీసి, నీటిని ఓడ్చివేసి, బోర్లించిన స్టీలు పళ్లెముపై నీరు చల్లి, తడి గాజుసీసాతో చపాతీవలె ఒత్తవలెను. తడి ఆరినచో అంటుకొనును. ముద్ద చల్లబడి తెల్లబారుచుండినచో మరల వేడినీట ముంచవచ్చును. ఎన్నిమార్లు ముంచినను దోషము లేదు. ఈ పనికి వాడిన గరిటెను మరల వంటకు వాడకుండుట మంచిది.

వేడినీరు, కరగిన ముద్ద పెద్దలే ముట్టవలెను. 60 డిగ్రీల నీరు 5 సెకనులలో పెద్దవారి చర్మమునే లోతుగా కాల్చగలదు. పిల్లల లేతచర్మమునకు అంతకాలమును పట్టదు. ముద్ద నీటివలె జారిపోక వ్రేళ్లను పట్టుకొని యుండును, అందుచేత మరింత అపాయము. ఒక నిమిషము ఓపిక పట్టి, పైపొర కొంచెము చల్లారిన పిమ్మట చేతబట్టవలెను. పిల్లలకు రంగులు వేయుట, చమ్కీలు కుట్టుట వంటి పనులు కావలసినన్ని కలవు.

ఒత్తిన పలక మెత్తగా నుండగనే కాగితపు మూస పెట్టి కత్తెరతో కోసి, 16, 17 సెంటీమీటర్ల వ్యాసము గల తడి స్టీలు డబ్బాను ఆనించి వంచవలెను. 52 సెంటీమీటర్ల తలకు ఆ వంపు సరిపోవును. అప్పుడే మరచిపోరాని పని యొకటి కలదు. క్రింది అంచునకు అర సెంటీమీటరు లోపలగా, సెంటీమీటరునకు ఒకటి చొప్పున, తడి దబ్బనముతో వరుసగా బెజ్జములు పొడువవలెను. కిరీటమంతయు నిలుచునది ఈ బెజ్జములపైననే. గట్టిపడిన పిదప తొలిచినచో అంచు చిట్లును, గరుకు మిగులును. మెత్తదనములో పొడిచినది నున్నగా నుండును, దారమును కోయదు. రాళ్లు అద్దుటయు, సన్నని తీగెలు చేసి లతలవలె అతుకుటయు ఈ సమయముననే. ఆపై చల్లనీట ముంచినచో త్వరగా గట్టిపడును.

పలకను పట్టీకి జిగురుతో అంటించుట మాకు సమ్మతము కాదు. తెల్లని వడ్రంగపు జిగురు కొయ్యను, గుడ్డను పట్టునే గాని నున్నని ప్లాస్టిక్కును పట్టదు. పట్టినట్లు కనబడి, చెమట తగిలినంతనే విడిపోవును. రెండు పేటల దారముతో ప్రతి బెజ్జము గుండను రెండుసార్లు కుట్టవలెను. ముడులన్నియు వెలుపలి వైపుననే యుండవలెను. లోపల ఒక్క ముడి యున్నను అరగంటలో నుదురు కందును. వెలుపలి ముడులను జరీ అంచు కప్పివేయును.

లోపలి అస్తరును గూర్చి రెండు మాటలు. అందముగా నుండునని శాటిను వేయుదురు, అది జారును. ముతక నూలుగుడ్డ నుదుటిని పట్టుకొని యుండును, చెమటను పీల్చును. దానిని పట్టీకి శాశ్వతముగా కుట్టక నాలుగైదు టిచ్ బటన్లతో తగిలించినచో విప్పి ఉదుకవచ్చును. గుడ్డను ఉదుకకున్న వాసన వచ్చును. ప్లాస్టిక్కును వేడినీట ఉదికినచో ఆకారము పోవును. రెంటిని విడదీయు వీలుండుటయే మంచి కుట్టుపని. గడ్డము క్రింద త్రాడు కట్టనక్కరలేదు. పద్యము చదువువానికి దవడ స్వేచ్ఛగా ఆడవలెను. వెనుక ఎలాస్టిక్కు చాలనిచో చెవుల వెనుక నుండి రెండు నాడాలు తీసి మెడపైన ముడి వేసిన సరిపోవును.

భుజకీర్తులకు ఈ ఖరీదైన గుళికలు వలదు. పిల్లల ఆటచాపలకు వాడు ఇ.వి.ఎ. ఫోము పలుచని రేకులుగా దొరకును. రెండు మిల్లీమీటర్ల రేకును ఆకులుగా కత్తిరించి, తక్కువ వేడిమీద నున్న ఇస్త్రీపెట్టెపై కొద్ది క్షణములు ఉంచి తీసినచో మెత్తబడును. వెంటనే అరచేతిలో నొక్కిన దొప్పవలె వంపు తిరుగును. కిటికీలు తెరచి యుంచవలెను. వీనిని ఒకదానిపై నొకటి చేర్చి చొక్కా భుజమునకు కుట్టవలెను. ఐతే కుట్లు దూరదూరముగా వేయవలెను. దగ్గరగా వేసినచో తపాలా బిళ్లల అంచువలె వరుస బెజ్జములు పడి అక్కడికక్కడనే చినిగిపోవును. వడ్డాణమునకు బక్రము, జరీ చాలును.

రంగు వేయుటకు ముందు పలకను ఉప్పుకాగితముతో మెల్లగా రుద్దినచో ఎక్రిలిక్ రంగు నిలుచును. బంగారు రంగు క్రింద ఒక పూత ఎఱ్ఱమట్టి రంగు వేసిన కాంతి హెచ్చును.

మన యెండలను గూర్చి చెప్పక ముగించరాదు. 60 డిగ్రీలకు కరగు వస్తువునకు మన వేసవి శత్రువు. వెలుపల 45 డిగ్రీలుండగా తలుపులు మూసిన మోటారు కారు లోపల 60 దాటును. కిరీటమును కారులో పెట్టి భోజనమునకు పోయి వచ్చినచో అప్పడము కనబడును! రంగస్థలపు పెద్దదీపముల చెంతను ఉంచరాదు. పట్టీపై నున్న పట్టుగుడ్డ ముడుతపడినదని ఇస్త్రీపెట్టె తాకించరాదు. నీడలో, దూది నింపిన డబ్బాలో ఉంచవలెను.

ప్రదర్శనకు ముందు రెండు మూడు దినములు సాధన చేయునపుడు పిల్లవానికి కిరీటము పెట్టి, పద్యము చదివించి, వంగి నమస్కరింపజేసి, పరుగెత్తించి చూడవలెను. ఎక్కడ ఒత్తుకొనుచున్నదో వాడే చెప్పును. ప్రదర్శన ముగిసి, ఆ వేషముతో పని తీరిన పిమ్మట కుట్లు విప్పి, రాళ్లను, రంగుపొరను ఒలిచి, పలకను మరల వేడినీట వేయవచ్చును. ఈ యేటి అర్జునుని కిరీటము వచ్చు యేడు శ్రీకృష్ణుని నెమలిపించపు పట్టీ కావచ్చును, లేదా చెల్లెలి సత్యభామ వేషమునకు పనికిరావచ్చును.