ప్రశ్న మనది, పైకం ఎవరిది?

 

ఆరోగ్య, వైద్య పరిశోధకులకు దొరికే నిధుల గురించి, అండదండల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఢిల్లీలో అయితే పథకాల పట్టిక చదివి కూర్చోవచ్చు. అనంతపురంలో మాత్రం ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ నేల మీది జబ్బులను ఇన్నాళ్లూ ఎవరు చదివారు, ఎవరి డబ్బుతో చదివారు?

1876-78 నాటి ధాత కరువు నుంచి వస్తాను. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలో భాగం, 1882లో విడిపోయింది. కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునని భారత ప్రభుత్వపు కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఒప్పుకోలేదు. పనిచేసే ఒంటికి ఎంత తిండి కావాలో లెక్కలు చూపించి, ఈ కూలితో మనుషులు నిలవరని వాదించాడు. మన ఆకలి మీద శాస్త్రం మాట్లాడిన తొలి సందర్భాల్లో అది ఒకటి. వాదించుకున్న ఇద్దరూ దొరలే.

తర్వాతి ఘట్టం 1937. అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో కలిసిన పొదిలి, దర్శి ప్రాంతంలో వెన్ను బిగుసుకుపోయి మెడ తిప్పలేని రైతులు కనిపించారు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి ఆ ఊళ్ల జబ్బును పరిశీలించి, దోషం నీళ్లలోని ఫ్లోరైడ్‌దని రాశారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించడం అదే మొదలు. ఆ పండిట్ గారే తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1973లో నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న వైనాన్ని లోకానికి చెప్పింది హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. వీళ్లంతా గొప్పవాళ్లు. అయితే ఒక తేడా గమనించండి. నల్లగొండకు హైదరాబాదు కొన్ని గంటల దూరం. మన కల్యాణదుర్గం, మడకశిర పల్లెలకు అంత దగ్గరగా అలాంటి సంస్థ ఎన్నడూ లేదు.

ఆ లోటును కొంతవరకు పూడ్చింది, ఆశ్చర్యంగా, స్పెయిన్‌లోని మామూలు మనుషులు. 1969లో విసెంటె ఫెర్రర్ ఇక్కడ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, ఆర్‌డీటీకి చందాలు పంపింది వాళ్లే. ఆ సంస్థ బత్తలపల్లి ఆసుపత్రి వైద్యం చేసి ఊరుకోలేదు. తన హెచ్‌ఐవీ రోగుల వివరాలను ఏళ్ల తరబడి పద్ధతిగా దాచి, వాటి మీద అంతర్జాతీయ పత్రికల్లో వరసగా వ్యాసాలు ప్రచురించింది. జబ్బు ఉందని తెలిసిన మనిషి చికిత్స దాకా వచ్చేలోపు ఎక్కడ జారిపోతున్నాడు, మందులు మొదలుపెట్టాక ఎందరు నిలుస్తున్నారు, ఎందరి రక్తంలో వైరస్ అదుపులోకి వస్తోంది అని మెట్టుమెట్టుకూ లెక్కగట్టిన 2013 నాటి వ్యాసాన్ని ఇక్కడున్న ప్రతి పీజీ చదవాలి. బత్తలపల్లి పేరు పరిశోధనా ప్రపంచానికి తెలిసింది అలాగే.

యంగ్ లైవ్స్ అధ్యయనమూ అంతే. 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని, ఇక్కడ మూడు వేల మంది పిల్లల ఎదుగుదలను వెంబడించారు. అందులో అనంతపురం జిల్లా పిల్లలు ఉన్నారు. కేంద్రం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, డబ్బు బ్రిటిష్ ప్రభుత్వానిది. కరువు ఏటి పిల్లవాడి పొడుగెంత, వాడు బడిలో ఎంతకాలం నిలిచాడు అన్నది మనకంటే ముందు వాళ్లకు తెలిసింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. వాళ్లు చేయకపోతే ఆ లెక్క ఉండేదే కాదు.

ఆ తలుపులు ఇప్పుడు మూసుకుంటున్నాయి. బ్రిటన్ తన విదేశీ సాయాన్ని 2021లో జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5కు తగ్గించింది, 2027 నాటికి 0.3కు దించుతానంటోంది. అమెరికాలో 2025లో విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. అదే ఏడు అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ తన గ్రాంట్ల నుంచి విదేశీ భాగస్వాములకు వాటాలు పంచే పాత పద్ధతిని ఆపేసింది. మన ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో వచ్చిన సవరణతో విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. పెద్ద సంస్థ ద్వారా చిన్న సంస్థకు చేరే దారి అక్కడ తెగింది. కాబట్టి ఇక చూడవలసింది దేశంలోని నిధుల వైపు.

దేశంలో నిధులు లేవా అంటే ఉన్నాయి. ఐసీఎంఆర్ రెండు కోట్ల లోపు చిన్న గ్రాంట్లు ఇస్తోంది, ఆ పైన ఎనిమిది కోట్ల దాకా మధ్యతరహావి ఇస్తోంది. ఎంబీబీఎస్ విద్యార్థులకు 1979 నుంచి రెండు నెలల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ నడుస్తోంది. పీజీ థీసిస్‌కు సాయం ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, లండన్ వెల్కమ్ ట్రస్టు కలిసి 2008లో పెట్టిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. దాని మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 1500 కోట్లు ఆమోదించింది. వైద్యులకు, ప్రజారోగ్యంలో పనిచేసేవాళ్లకు అందులో ప్రత్యేక ఫెలోషిప్పులున్నాయి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో 50,000 కోట్లు సమకూర్చాలని లక్ష్యం.

ఇచ్చిన డబ్బు ఇక్కడ పండుతుందా అని అనుమానించేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రంలో పరీక్ష చేయగలిగిన తొలి కొద్ది ప్రయోగశాలల్లో అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల ఒకటి. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం వైరస్ ప్రయోగశాలల పథకం కింద ముందే ఇక్కడ పునాది వేసి ఉంచింది కాబట్టి అది సాధ్యమైంది.

మరి మిగతా డబ్బు మన డాక్టర్ల దాకా ఎందుకు రాదు? నేను గమనించింది చెబుతాను. ఓపీలో పొద్దున్నుంచి రోగుల వరస చూసే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ప్రశ్న తడుతుంది. నిజానికి ఆ వరసలోనే తడుతుంది. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతగాడి నడుమునొప్పి, తాడిపత్రిలో బండల పాలిష్ దుమ్ము మింగే కూలీ దగ్గు, బెంగళూరు కెంగేరి దగ్గరి కట్టడాల నుంచి జ్వరంతో బస్సెక్కి వచ్చిన వలస మనిషి. ప్రశ్న ఉంది. దాన్ని ప్రతిపాదనగా మార్చాలంటే ఎంతమందిని చూడాలో లెక్క చెప్పే గణాంక శాస్త్రజ్ఞుడు కావాలి. ఆరోగ్య పరిశోధన విభాగంలో నమోదై, క్రమం తప్పకుండా సమావేశమయ్యే ఎథిక్స్ కమిటీ కావాలి. బడ్జెట్ రాసిపెట్టే గుమాస్తా కావాలి. వారానికి ఒక పూట ఓపీ నుంచి విడుదల కావాలి. ఇవేవీ గ్రాంటు డబ్బుతో వచ్చేవి కావు, గ్రాంటు కంటే ముందే ఉండవలసినవి. పెద్ద నగరాల సంస్థల్లో ఇవి ఉంటాయి, కనుక నిధులూ అక్కడికే చేరతాయి.

డబ్బు మంజూరైనా కష్టం తీరదు. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో రెండో వాయిదా, ఊళ్లు తిరిగే సిబ్బందిని పంపించేశాక వచ్చింది. పదును దాటాక వచ్చిన వేరుశనగ విత్తనంలా అది అక్కరకు రాలేదు. అప్పటికి మార్చి నెల, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చూపి యూటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆర్థిక సంవత్సరానికీ, మన పల్లె సంవత్సరానికీ పొంతన లేదు. జూన్, జూలైలో వాన పడితే విత్తనం పని, అక్టోబరు, నవంబరుల్లో చెట్టు పీకి కాయ రాల్చే పని. సంక్రాంతి అటూఇటూగా సగం ఊరు బెంగళూరు బండెక్కుతుంది. జనవరిలో డబ్బు వచ్చి ఫిబ్రవరిలో సర్వే చేస్తే ఇళ్లలో ముసలివాళ్లు, పిల్లలు తప్ప దొరకరు. పనిచేసే వయసు మనుషులు లేని ఆ లెక్కను ‘జిల్లా ఆరోగ్య పరిస్థితి’ అని అచ్చువేస్తే అది అబద్ధమే. ఢిల్లీలో ప్రతిపాదనలు చదివే నిపుణుడికి ఇది తెలియకపోవడం సహజం. తెలియజెప్పే మనిషి ఇక్కడివాడై ఉండాలి.

పదోన్నతికి ప్రచురణలు తప్పనిసరి చేశాక వ్యాసాలు పెరిగాయి. జేబులో డబ్బు కట్టి ఎక్కడో అచ్చువేయించుకునే ఆ వ్యాసాల్లో ఎక్కువ భాగానికి ప్రశ్నే ఉండదు. అందులో పోసే పైకంతోనే మంచి ప్రశ్నను వెంబడించవచ్చు. ఎలాగో నేను ఒక నమూనా చెబుతాను, దయచేసి పీజీలు శ్రద్ధగా వినాలి.

1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం మన జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చింది. అంతవరకు ఆ ఊళ్లలో చాలావాటికి బోరు నీళ్లే గతి, వాటిలో ఫ్లోరైడ్. పంటి మీది ఎనామెల్ ఏర్పడేది పుట్టాక తొలి ఏడెనిమిదేళ్లలో. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ నీళ్ల గుర్తు మచ్చలుగా జన్మంతా పంటి మీద నిలుస్తుంది. అంటే ఒకే వీధిలో 1980లో పుట్టిన అన్ననూ, 2000లో పుట్టిన ఆ ఇంటి పిల్లవాణ్నీ పక్కపక్కన నిలబెట్టి పళ్లు చూస్తే, నీళ్లు మారడం వల్ల ఏం మారిందో కళ్లకు కనబడాలి. కొళాయి మధ్యలో ఆగి మళ్లీ బోరుకు మళ్లిన ఊరుంటే అక్కడి పిల్లల పళ్లు ఆ కథ కూడా చెబుతాయి. ఇప్పుడు ప్లాంటు నీళ్ల క్యాన్లు కొనుక్కునే ఇంటికీ కొనలేని ఇంటికీ తేడా ఉందా? పంటి మచ్చలను డీన్ సూచికతో కొలవడానికి తర్ఫీదు పొందిన కన్ను, పగటి వెలుతురు చాలు. నీటి పరీక్షకు, బస్సు చార్జీలకు, ఊరిలో తోడు తిరిగే ఇద్దరి కూలికి కాస్త డబ్బు కావాలి. రెండు నెలల స్టూడెంట్‌షిప్‌లో ఒక ఎంబీబీఎస్ అమ్మాయి రెండు ఊళ్లు పూర్తిచేయగలదు. ఆమె తర్వాత మరొకరు మరి రెండు ఊళ్లు. అయిదారేళ్లలో పోగయ్యే ఆ లెక్కతో కోట్ల గ్రాంటుకు ధైర్యంగా అర్జీ పెట్టుకోవచ్చు. చేసి చూపించిన చిన్న పని వెనక ఉంటే, పెద్ద గ్రాంటు ఇచ్చేవాళ్లకూ నమ్మకం కుదురుతుంది.

ఆ తొలి చిన్న మొత్తం సర్కారుదే కానక్కర్లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరడానికి ఏ కౌన్సిలూ గ్రాంటివ్వలేదు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ గారి ధర్మనిధి కొంత సాయపడింది, పిల్లనిచ్చిన మామగారు కొంత సర్దారు. రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన ఒక కాకినాడ మనిషి రాసిపోయిన ఆస్తి, ఫోలిక్ ఆమ్లం తయారీ దాకా, బోదకాలు మందు హెట్రజాన్ దాకా వెళ్లిన ఒక జీవితానికి దారిఖర్చు అయింది. మనకూ ఇవ్వగలవాళ్లున్నారు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టమంటుంది. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల వైద్య పరిశోధనకు ఇచ్చినా ఆ లెక్కలోకే వస్తుంది. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ, తాడిపత్రిలో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ సంస్థలను బస్‌షెల్టరు, కంటి శిబిరం మాత్రమే అడగడం మన అలవాటు. ఇక ముందు పరిశోధన నిధి కూడా అడుగుదాం.

పరిశోధనకు ఒంటిని, సమయాన్ని ఇచ్చే పల్లె మనిషి సంగతి మరువకూడదు. రక్తం తీసుకెళ్లినవాళ్లు మళ్లీ రాలేదన్న మాట నేను చాలా ఊళ్లలో విన్నాను. ఇకనుంచి ప్రతి ప్రతిపాదన బడ్జెట్లో రెండు పద్దులు ఉండాలని నా కోరిక. ఒకటి ఆ పూట పోయిన కూలికి, రెండోది ఫలితాన్ని తెలుగులో అచ్చువేసి అదే ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించడానికి. నిధిసంస్థలు దీనికి అడ్డు చెప్పవనే నా నమ్మకం, మనం అడగాలి అంతే.

మధ్యాహ్నం తీర్మానాల సమావేశానికి నా ప్రతిపాదన ఇది. వైద్య కళాశాల, కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం కలిసి అనంతపురంలో ఒక పరిశోధన సహాయ కేంద్రం పెట్టాలి. గణాంకాలు తెలిసిన అధ్యాపకుడు, గ్రాంటు కాగితాలు తెలిసిన ఉద్యోగి, నెలకొక నిర్ణీత తేదీన కూర్చునే ఎథిక్స్ కమిటీ, వాయిదా ఆలస్యమైతే సిబ్బంది జీతం ఆగకుండా చూసే చిన్న మూలనిధి ఉంటే చాలు, పని మొదలవుతుంది. కట్టడం తర్వాత చూసుకుందాం.

పీజీలూ, హౌస్ సర్జన్లూ, మీ మనసులో ఉన్న ప్రశ్నను ఒక పేజీలో, తెలుగులోనైనా ఇంగ్లిషులోనైనా, రాసి భోజన విరామంలో వేదిక దగ్గర ఇవ్వండి. సాయంత్రంలోగా ఒక్కో పేజీకి ఒక సీనియర్ డాక్టరునూ, ఒక గణాంక అధ్యాపకుణ్నీ జతచేసి పేర్లు ఇక్కడే చదువుతాం.