మరల చదువబూనిన నిరుద్యోగులకు పోషణభృతి



కులసంఘమనగానే బాలుర వసతిగృహము, విద్యార్థివేతనము మన తలంపునకు వచ్చును. ఇవి మిక్కిలి యవసరములే. కాని ముప్పదియేండ్లు దాటి, చేయుచున్న పని పోయి, మరల కళాశాలలో చేరనెంచిన గృహస్థునకు ఏమి తోడ్పాటు కలదు? ఆ విషయమును గూర్చియే ఈ మహాసభవారికి కొంత విన్నవింపదలచినాము.

అట్టివానికి రుసుము చెల్లించిన చాలునని కొందఱందురు. చాలదని మా యభిప్రాయము. కుమారుడు చదువునపుడు తండ్రి యిల్లు నడపును. తండ్రియే చదువునకు కూర్చున్నచో నెల గడచుట యెట్లు? బియ్యమునకు, ఇంటియద్దెకు, పిల్లల పుస్తకములకు సొమ్ము వలయును. వయోజనుని చదువునకు అడ్డు తెలివిలేమి కాదు, ఇల్లు గడవమియే.

నిరుద్యోగభృతి నిచ్చు దేశములయందును ఈ చిక్కు కలదు. పని దొరకినంతనే చేరుటకు సిద్ధముగా నున్నవానికే భృతి యనుట అచటి సాధారణ నియమము. దినమంతయు తరగతిలో కూర్చుండువాడు అట్లు సిద్ధముగా లేడని యెంచి భృతి నాపుదురు. కూడు కావలెనన్న చదువు విడువవలెను. చదువు కావలెనన్న కూడు విడువవలెను. ఐర్లండు దేశమువారు దీనికొక మార్గము కనుగొనిరి. సాధారణముగా 21 ఏండ్లు నిండి, కొన్ని మాసములు భృతి పొందిన నిరుద్యోగి పూర్తికాలపు చదువున చేరినను, అతనికి వారమువారము భృతి ముట్టుచుండును.

అమెరికాలో 1944 లో యుద్ధమునుండి మరలివచ్చు సైనికులకై యొక శాసనము చేసిరి. ఏటికి 500 డాలర్లవఱకు రుసుమును, పుస్తకముల వ్యయమును ప్రభుత్వమే భరించెను. అదియుగాక జీవనభృతిగా నెలకు ఒంటివానికి 50 డాలర్లు, పోషింపవలసినవారు గలవానికి 75 డాలర్లు నిర్ణయించిరి. 1956 నాటికి సుమారు 78 లక్షలమంది ఆ శాసనమువలన విద్యనో శిక్షణమునో పొందిరి. ఇందు మనము గమనింపదగినది ఆ 50 కిని 75 కిని గల భేదము. విద్యార్థి వెనుకనున్న కుటుంబమునుగూడ వారు లెక్కించిరి.

మన దేశమున కార్మిక బీమా సంస్థవారు 2018 లో పని పోయినవారికి భృతి నేర్పరచిరి. అది బీమా గల కార్మికులకే. అదియు 90 దినములకే. తొంబది దినములలో ఏ పట్టపు చదువు ముగియును?

మనకు ఆదర్శము లేకపోలేదు. రాజమహేంద్రవరమున 1909 లో జన్మించిన శ్రీమతి దుర్గాబాయమ్మగారు బాల్యమున బడి మానిరి. స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలకేగి, విడుదలయిన పిదప మరల చదువుకొని న్యాయవాదియైరి. 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వారే ప్రథమాధ్యక్షురాలు. చిన్ననాట చదువు మానిన స్త్రీలను స్వల్పకాలమున పరీక్షలకు సిద్ధపఱచు తరగతులను ఆ మండలి 1958 లో ప్రారంభించెను. వసతితో గూడిన తరగతులలో పాఠముతోపాటు అన్నమును, నివాసమును గూడ సమకూర్చిరి. ఆకలి తీరనిదే పాఠము తలకెక్కదని వారెఱుగుదురు.

కావున మా మనవి యిది. విద్యానిధిలో కొంతభాగమును పని పోయి మరల చదువబూనిన వయోజనులకు ప్రత్యేకింపవలెను. ఇంటనున్నవారి సంఖ్యను బట్టి భృతి నిర్ణయింపవలెను. దానిని పరీక్ష ముగియువఱకు నెలనెల ఇయ్యవలెను. హాజరు చక్కగా నున్నచో, ఒకమాఱు పరీక్ష తప్పినంతమాత్రమున ఆపరాదు. వివాహముతో చదువు మానిన సోదరీమణులకును ఇదే హక్కు ఉండవలెను.

పిల్లల సొమ్ము పెద్దలకు పోవునని కొందఱు శంకింపవచ్చును. సంపాదించువాడు పని లేక కూర్చున్న యింట మొట్టమొదట ఆగునది పిల్లల చదువే. తండ్రిని నిలబెట్టుట బిడ్డను నిలబెట్టుటయే. నిధి చిన్నదనుట నిజము. ఏబదిమందికి తలకొక చిల్లర మొత్తము పంచిన ఒక్కరును గట్టెక్కరు. అయిదు కుటుంబములను చదువు ముగియువఱకు పూర్తిగా పోషించిన ఆ అయిదును నిలుచును. వారు ఉద్యోగస్థులైన పిదప తలకొక కుటుంబమునకు తోడ్పడుదురని మా నమ్మకము.

ఈ తీర్మానమును మహాసభవారు ఆమోదించి, నేడే నిధికి విరాళములు ప్రారంభింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.