మతి చలించే జబ్బును మొదటి వారాల్లోనే గుర్తుపడదాం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టుమిషన్ల గురించి, పేద ఆడపిల్లల నికాహ్ సాయం గురించి చెప్పుకుంటాం. ఆ వివరాలన్నీ ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మేము మీ ముందుకు తెస్తున్నది మన ఇళ్లలో తలుపులు వేసుకుని మాట్లాడుకునే విషయం.

ఇంటరో డిగ్రీయో చదువుతున్న అబ్బాయి మెల్లగా స్నేహితులను వదిలేస్తాడు. రాత్రిళ్లు నిద్రపోడు. స్నానం, బట్టలు పట్టించుకోడు. మార్కులు పడిపోతాయి. ఇంట్లోవాళ్లు తప్పంతా సెల్‌ఫోన్ మీద వేస్తారు. కొన్నాళ్లకు వీధిలోవాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారంటాడు. అన్నంలో ఏదో కలిపారని అమ్మీ పెట్టిన పళ్లెం తోసేస్తాడు. గదిలో ఎవరూ లేకపోయినా ఎవరికో జవాబు చెబుతుంటాడు. దీన్నే డాక్టర్లు సైకోసిస్ అంటారు. ఎక్కువగా యుక్తవయసులో, చదువో పెళ్లో ఉద్యోగమో ఎదురుగా ఉన్న సమయంలోనే మొదలవుతుంది. ఆడపిల్లల విషయంలో అయితే ‘పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది’ అంటూ నికాహ్‌కు తొందరపెడతారు. అప్పుడు ఒక ఇంటి బాధ రెండిళ్ల బాధ అవుతుంది.

రెండు రోజులు నిద్ర పట్టనంత మాత్రాన ఎవరినీ రోగి అనకూడదు. పరీక్షల ముందు పిల్లలు ముభావంగా ఉండటం మామూలే. కానీ ఈ మార్పులన్నీ కలిసి వచ్చి, వారాల తరబడి పోకపోతే, లేని మాటలు వినిపిస్తున్నాయంటే, ఇక ఆలస్యం చేయకూడదు.

మన దగ్గర ఆలస్యం ఎక్కడ జరుగుతుందో అందరికీ తెలుసు. గాలి సోకిందంటారు, ఆసేబ్ అంటారు, ఎవరో చేయించారంటారు. ఒక ఆమిల్ నుంచి ఇంకో ఆమిల్ దగ్గరికి, ఒక తావీజు నుంచి ఇంకో తావీజుకు నెలలు గడిచిపోతాయి. ఎవరి నమ్మకాన్నీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. దుఆ చేయవద్దని ఏ డాక్టరూ అనడు. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమన్నది కూడా మన ప్రవక్త (స) బోధనే. గుజరాత్‌లోని మెహసాణా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. మతి చలించినవారిని దూరదూరాల నుంచి అక్కడికి తీసుకొస్తారు. ఆ దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులు కూర్చునే ఏర్పాటు చేశారు. ‘దవా–దుఆ’ అని దాని పేరు. ముజావర్లే రోగిని డాక్టరు దగ్గరికి పంపిస్తారు. కుటుంబం దర్గాకు రావడం మానలేదు, మందూ మానలేదు. ఇలాంటిది మన ప్రాంతంలో ఎందుకు చేయలేమో మాకైతే అర్థం కాదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది ఎర్వాడి. తమిళనాడులోని ఆ దర్గా ఊళ్లో ఒక ప్రైవేటు షెడ్డులో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు 2001 ఆగస్టు 6న నిప్పంటుకుని, పారిపోయే దారి లేక చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఇక ప్రచారం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారికి నార్వే సంగతి చెప్పాలి. 1997లో అక్కడి స్టావాంగర్ ప్రాంతంలో సైకోసిస్ లక్షణాల మీద పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టారు. పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు, ఇంటింటికీ కరపత్రాలు పంపారు, బడులకు వెళ్లి టీచర్లతో మాట్లాడారు. దాంతోపాటు ఒక బృందాన్ని సిద్ధంగా ఉంచారు. అనుమానం వచ్చినవాళ్లు ఎవరైనా నేరుగా ఆ బృందానికి ఫోన్ చేయవచ్చు. మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ బృందమే. వెళ్లడానికి చోటు చూపకుండా పోస్టర్ అంటిస్తే ఇంట్లోవాళ్లకు భయమే మిగులుతుంది.

జబ్బు మొదలైనప్పటి నుంచి వైద్యం అందేదాకా పట్టే కాలం అక్కడ 5 వారాలకు తగ్గింది. ప్రచారం లేని పోలిక ప్రాంతాల్లో అది 16 వారాలు. పదేళ్ల తర్వాత చూస్తే, కోలుకున్నవారి శాతం ప్రచారం జరిగిన చోట దాదాపు రెట్టింపు ఉంది. దాతలు ప్రత్యేకంగా వినవలసిన మాట ఇంకొకటి ఉంది. మధ్యలో ప్రచారం ఆపేశారు. ఆసుపత్రి అదే, బృందం అదే. అయినా ఆలస్యం మళ్లీ 15 వారాలకు పెరిగింది.

అంటే ఇది ఒకసారి డబ్బిచ్చి మరిచిపోయే పని కాదు. గది కట్టిస్తే గోడ మీద దాత పేరు ఉంటుంది, పది మందీ చూస్తారు. కరపత్రం వారం రోజుల్లో పొట్లం కాగితం అవుతుంది. మళ్లీ అచ్చువేయాలి, ఏటా వేయాలి. పేరు రాని ఖర్చు అడగడం కష్టమని తెలిసే అడుగుతున్నాం. వెనకటివాళ్లు ఇలాంటి పనికి వెనకాడలేదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన ఆసుపత్రిలో మతి చలించినవారికి విడిగా వార్డు ఉండేది. దాని ఖర్చంతా వక్ఫ్ ఆదాయం మీదే నడిచింది.

డబ్బు ఏ ఖాతాలోదన్న ప్రశ్న వస్తుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాం. జకాత్ సొమ్ము హక్కుదారుడైన పేదవాడి చేతికి చేరాలన్నది మన ఉలమా చెప్పే నియమం. కనుక పేద రోగి మందులు, బస్సు చార్జీల సాయాన్ని జకాత్ నుంచి అతని చేతికే ఇస్తాం. అచ్చు ఖర్చు, ఇమాములకు, మదర్సా ఉస్తాదులకు, ట్యూషన్ మాస్టర్లకు పెట్టే ఒకరోజు శిక్షణ ఖర్చు సదకా, లిల్లాహ్ ఖాతాల నుంచే. రెండూ కలవవు.

ప్రతి మొహల్లాకు ఇద్దరు వాలంటీర్లను, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళను, పెట్టాలనుకుంటున్నాం. కబురు అందితే వాళ్లు ఆ ఇంటికి వెళ్తారు, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తోడు వెళ్తారు, తర్వాత మందు మానకుండా చూస్తారు. చూసింది బయట చెప్పని మనుషులే ఈ పనికి కావాలి. మాటలు మోసేవారు ఎంత చురుకైనవారైనా వద్దు.

మన సొసైటీ ఏటా ఇంటింటికీ పంచే రమజాన్ సహరీ–ఇఫ్తార్ కార్డు వెనక వైపు ఇప్పటిదాకా ఖాళీగానే ఉంది. ఈసారి అక్కడ ఆ లక్షణాలు నాలుగు ముక్కల్లో, తెలుగులోనూ ఉర్దూలోనూ వేస్తున్నాం. కింద పెద్ద అక్షరాల్లో టెలి మానస్ నంబరు 14416 ఉంటుంది. అది ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. కార్డు నమూనా ఆఫీసు బల్ల మీద పెట్టాం. షాబాన్ మొదటి వారంలో ప్రెస్‌కు ఇవ్వాలి. అచ్చు ఖర్చులో పాలుపంచుకోదలచినవారు భోజనాల తర్వాత కోశాధికారి గారిని కలవండి.